నీలం అట్ట

బడిలో చార్టులూ బోధన సామగ్రీ దాచే గది. బల్ల మీద పాత రేకు పెట్టె. బల్లకి అటు మూడో తరగతి టీచరు. ఇటు, ఆమెకి ముందు ఆ తరగతి చెప్పి చనిపోయిన టీచరు భర్త.

"మా నాన్నని మీరు హంతకుణ్ణి చేశారు."

"కూర్చోండి బావగారూ."

"కూర్చోడానికి రాలేదు. మా నాన్నని హంతకుణ్ణి చేశారు. అచ్చేశారు. నలభై బళ్లకి పంచారు. ఇదుగో అట్ట."

"ఇది మీకెక్కడిదండీ?"

"పక్కింటి పిల్ల తెచ్చింది. నీ క్లాసే. మా మెట్ల మీద కూర్చుని గొంతెత్తి చదివింది. 'పత్తి మిల్లులో నిప్పంటుకున్నప్పుడు బేళ్ల షెడ్డు తలుపుకి బయట తాళం ఉంది. ఆ తాళం వేసింది వాచ్‌మన్. లోపల పనిచేస్తున్న నలుగురు ఆడవాళ్లు చనిపోయారు.' చదివి తలెత్తింది. 'తాతా, వాచ్‌మన్ అంటే మీ నాన్నేనట కదా' అంది."

"పేరెక్కడా వెయ్యలేదు కదండీ."

"ఊరికి మిల్లు ఒకటి. మిల్లుకి వాచ్‌మన్ ఒకడు. పేరెందుకు?"

"చిన్నపిల్ల, ఏదో ఆడుతూ—"

"చిన్నపిల్లని అనలేదు. నిన్నంటున్నాను. పైగా ఇంటి దగ్గర రాసుకు రమ్మన్నావట."

"అది పసుపు అట్ట పనండీ. పెట్టెలోంచి ఒక వస్తువు తీసి చేతికిస్తాం, ఈసారి మిల్లు తాళం. ఇది మాట్లాడితే ఏమంటుందో రాయమంటాం. ఊహించింది పసుపు అట్ట మీద రాస్తారు. ఆ తరవాత నీలం అట్ట తీసి నిజంగా జరిగింది చదువుతారు. రాయడమూ వస్తుంది, చరిత్రా వస్తుంది. అక్క ఈ క్లాసు చెప్పినప్పుడు పెట్టిన పద్ధతే కదా. మీకు తెలీనిదా?"

"ఏం రాసిందో తెలుసా?"

"ఇంకా దిద్దలేదు."

"నేను దిద్దాను. విను. 'నేను తాళాన్ని. లోపల అరుస్తున్నారు. నాకు చేతుల్లేవు. నన్ను వేసిన చెయ్యి పారిపోయింది. ఆ చెయ్యికి నాకంటే భయం.'"

"బాగా రాసింది."

"బాగా రాసింది! బంగారు నక్షత్రం అంటించు. మా నాన్న నెత్తిన అంటించు."

"అరవకండి. పక్క గదిలో పిల్లలున్నారు."

"విననీ. ఎటూ చదువుతున్నారుగా."

"ఏం చెయ్యమంటారు నన్ను?"

"ఆ అట్ట తీసెయ్యి."

"పంచినవి పంచాం. రెండోసారి అచ్చు ఇవాళ మొదలు. నాలుగింటికి మిషనెక్కుతుంది."

"మూడుంపావే అయింది. ఫోన్ చెయ్యి."

"చేసి ఏమని చెప్పను?"

"తాళం వేసింది వాచ్‌మన్ కాదని చెప్పు."

"మరెవరు?"

"ఎవరో."

"ఎవరో అంటే ఎవరండీ?"

"ఎవరో అంటే ఎవరో. మా నాన్న కాదు. అంతే."

"అంతే అంటే కుదరదు. అక్క పెట్టిన రూలు మీకూ తెలుసు. ఒకరు చెబితే పసుపు. ఇద్దరు చెబితేనే నీలం. నీలం అట్ట మీద ఒక ముక్క ఎక్కాలన్నా, అందులోంచి ఒక ముక్క పోవాలన్నా ఇద్దరి నోట వినాలి. ఆ ఇద్దరెవరో వెనకాల రాయాలి. ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగినా ఆవిడ ఒక్క నోటికి నీలం అట్ట ఇవ్వలేదు."

"అయితే దీని వెనకాల ఉన్న ఇద్దరెవరు?"

"అచ్చులో వెనక వైపు వెయ్యలేదండీ."

"అచ్చు సంగతి కాదు. పెట్టెలో ఆవిడ చేత్తో రాసింది ఉంటుందిగా. తియ్యి."

"ఇప్పుడెందుకు?"

"వాళ్లింటికి వెళ్తాను. ఏ కళ్లతో చూశారో అడుగుతాను."

"వద్దు బావగారూ."

"తియ్యి."

"వద్దంటున్నానా. నా మాట వినండి."

"ఆ పెట్టె నా పెళ్లాంది. దానికి రంగు వేసింది నేను. మూత విరిగితే బందు వేసింది నేను. తియ్యి."

"... ఇదుగో. ఒకటి, మిల్లు మేస్త్రి."

"వాడా! వాడు పోయి పదిహేనేళ్లైంది. వాడు మంటలు లేచాక గొడ్డలి పట్టుకొచ్చాడు. తాళం వేస్తుంటే వాడెక్కడ చూశాడు? తాళాలు వాచ్‌మన్ పని గనక వాచ్‌మన్ అన్నాడు. రెండు?"

"చాలండీ, ఇక వదిలెయ్యండి."

"రెండు?"

"'మావారు' అని ఉందండీ."

"ఏదీ?"

"ఇదుగో. అక్క రాతే. మావారు."

"నేను చెప్పలేదు."

"చెప్పలేదా?"

"చెప్పుంటాను. ఎప్పుడో. కూరలు తరుగుతూ అడిగింది. ఆ తాళం మీ నాన్నగారే వేశారా అంది. ఊఁ అన్నాను. ఊఁ అంటే అట్టకెక్కిస్తుందని కలగన్నానా?"

"అట్టకెక్కదనుకుంటే ఏదైనా అనొచ్చా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"మీరు పెట్టుకుంటే నేనూ పెట్టుకుంటాను. ముప్పై ఏళ్ల కింద ఆయనే వేశాడన్నారు. ఇవాళొచ్చి కాదంటున్నారు. నేనేది నమ్మాలి?"

"ఇవాళ్టిది."

"మరి ఆయన మూడేళ్లు జైల్లో ఉన్నప్పుడు అనలేదేం ఈ మాట?"

"ఆయనే కోర్టులో ఒప్పుకున్నాడు."

"ఒప్పుకుంటే వేసినట్టే కదండీ."

"ఒప్పుకోడం వేరు. వెయ్యడం వేరు."

"అదేంటి?"

"అదంతే. నన్ను నిలదీస్తున్నావు గానీ, నువ్వు చెప్పు. ఏడేళ్లు ఆవిడ పక్క గదిలో పాఠం చెప్పావు. ఈ నీలం అట్ట ఆవిడ ఒక్కసారైనా క్లాసులో చదవడం విన్నావా?"

"ఏడేళ్ల సంగతండీ, అన్నీ గుర్తుంటాయా?"

"విన్నావా?"

"లేదు."

"ఏం చేసేది?"

"తాళం ఇచ్చేది. పసుపు అట్టలు రాయించేది. పిల్లలు నీలం అడిగితే, 'ఇది ఇంకా పూర్తి కాలేదర్రా' అనేది. ప్రతి ఏడూ అదే."

"తెలుసు నీకు."

"తెలుసు."

"తెలిసీ అచ్చుకిచ్చావు."

"అచ్చేసేవాళ్లు పన్నెండు వస్తువులు కావాలన్నారండీ. పన్నెండుంటేనే బళ్లకి పంచే కిట్టు అవుతుందన్నారు. మా దగ్గర పదకొండే తేలాయి. గొడుగు పిడి ఎక్కడో పోయింది."

"గొడుగు పిడి పోయిందని మా నాన్నని పెట్టావు."

"అలా అనకండి."

"ఎలా అనను? గొడుగు పిడి దొరక్క మా నాన్నని పెట్టావు. రేపు పెట్టెలోంచి ఒక ఈలో, ఒక గంటో పోతే ఎవణ్ణి పెడతావు?"

"తప్పు చేశాను! చాలా? ఆవిడ పూర్తి కాలేదన్నదాన్ని నేను పూర్తయినట్టు అచ్చేయించాను. పెట్టె మీద ఆవిడ పేరు చూసుకోవాలని తొందరపడ్డాను. తప్పే. నా నోటితో నేను అన్నాను. ఇప్పుడు మీరు కూడా అనండి."

"నేనేమనాలి?"

"మీకే తెలియాలి."

"ఏంటి నీ ధోరణి? ఏం తెలియాలి?"

"ఇంకో అట్ట ఉంది బావగారూ."

"ఏ అట్ట?"

"ఇదే తాళానికి. ఇంకో నీలం అట్ట. మూత లోపల గుడ్డ అంటించి ఉంటుంది చూడండి, దాని వెనక దొరికింది. అచ్చుకిచ్చిన తరవాత దొరికింది. ఒట్టు. ముందే దొరికితే ఇచ్చేదాన్ని కాదు."

"దొరికితే నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పాలో తెలీక. మూడుసార్లు మీ గుమ్మం దాకా వచ్చాను."

"చదువు."

"మీరే చూడండి."

"కళ్లజోడు తేలేదు. చదువు."

"'ఆ రోజు వాచ్‌మన్‌కి జ్వరం. ఇంట్లో పడుకుని ఉన్నాడు. ఆయన బదులు ఇంకొకరు డ్యూటీకి వెళ్లారు. తాళం వేసింది వాళ్లు.'"

"వెనకాల ఎవరున్నారు?"

"ఒకటి, మామయ్యగారు."

"రెండు?"

"రెండు అని అంకె వేసి గీత గీసింది. గీత మీద ఏమీ రాయలేదు. అందుకే పెట్టెలో పెట్టలేదు. ఒక నోరే ఉంది కదా. పాతదీ చింపలేదు. నీలం అట్ట చింపకూడదు, తప్పని తేలితే పక్కన ఇంకోటి పెట్టాలి అనేది. బావగారూ? మంచినీళ్లివ్వనా?"

"తేదీ వేసిందా?"

"వేసింది. ఇరవై ఆరేళ్ల కిందటిది. ఆషాఢం—"

"మా నాన్న పోయిన నెల."

"అవునా?"

"మంచానికి అంటుకుపోయాడు. నేను పొద్దున పనికి పోయేవాణ్ణి. ఆవిడే తిండి పెట్టేది, ఒళ్లు తుడిచేది. నాకు మాటిచ్చాడు ఆ ముసలాయన."

"ఏమని?"

"ఏం లేదు."

"ఏమని మాటిచ్చారు?"

"ఏం లేదన్నానా!"

"సరే."

"నాకు మాటిచ్చి కోడలికి చెప్పాడు. కోడలు విని అట్ట మీద రాసి గుడ్డ వెనక దాచింది. బాగుంది. ఇద్దరూ ఒకటే. ఇద్దరూ కలిసి నన్ను వెధవని చేశారు."

"వాళ్లేం చేశారండీ మిమ్మల్ని?"

"తెలిసి పాతికేళ్లు నా పక్కన పడుకుంది! పొద్దున్నే టీ గ్లాసు చేతికిచ్చింది. చొక్కా గుండీలు కుట్టింది. ఒక్క మాట అడిగిందా? తిట్టిందా? తిట్టొచ్చుగా! ఆ నోటికేమైంది? బడిలో అరవై మంది పిల్లల్ని హడలెత్తించే నోరు, ఇంట్లో ఎందుకు లేవలేదు?"

"అడిగే ఉంటుంది."

"అడగలేదంటున్నానా!"

"అక్క అడక్కుండా ఉండే మనిషి కాదు. ఎలాగో అడిగే ఉంటుంది. గుర్తు తెచ్చుకోండి."

"ఏముంది గుర్తు తెచ్చుకోడానికి? ఏటా సెలవుల్లో ఈ పెట్టె ఇంటికి మోసుకొచ్చేది. అన్నీ తీసి తుడుచుకునేది. తాళం మాత్రం నాకిచ్చేది. తుప్పు పడుతోంది, నూనె వెయ్యండి అనేది."

"వేసేవారా?"

"వేసేవాణ్ణి. నూనె వేస్తుంటే పక్కన కూర్చునేది. కూర్చుని..."

"కూర్చుని?"

"'ఇది మాట్లాడితే ఏమంటుందంటారు?' అనేది. ఏటా అదే మాట. పిల్లల్ని అడిగినట్టే."

"మీరేమనేవారు?"

"నేను నీ మూడో తరగతి కాదు, ఆ ఆటలు నా దగ్గర కట్టిపెట్టు అనేవాణ్ణి."

"నవ్వేదా?"

"లేదు. తాళం తీసుకుని గుడ్డలో చుట్టేది."

"ఆఖరి సెలవుల్లో కూడానా?"

"అప్పటికి మంచం మీద ఉంది. లేవలేదు. నేనే పెట్టె తీసి, నూనె వేసి, తెచ్చి చూపించాను. ఆ ఏడు అడగలేదు. నా మొహం వైపు చూస్తూ ఉంది. చాలాసేపు చూసింది."

"మీరు?"

"గుడ్డలో చుట్టేశాను. ఏడవకు. నాకు చిరాకు."

"ఏడవట్లేదు. నాలుగింటికి పది నిమిషాలుంది. ఫోన్ చెయ్యనా?"

"చెయ్యి."

"ఏమని చెప్పను? అట్ట మొత్తం తీసెయ్యమననా? మీరు ఊఁ అంటే పదకొండే వేస్తారు. గొడవ లేకుండా పోతుంది."

"పోతుందా? పంచిన నలభై బళ్లలోంచి పోతుందా?"

"పోదు."

"ఆ పిల్ల బుర్రలోంచి?"

"పోదు."

"అయితే తీసెయ్యొద్దు. మార్చమను. గుడ్డ వెనక దొరికింది వెయ్యమను."

"దానికి ఒక నోరే ఉంది బావగారూ. ఒక నోటికి ఆవిడ నీలం ఇవ్వదు. నేనూ ఇవ్వను. ఒకసారి తప్పు చేశాను, చాలు."

"పెన్ను ఉందా?"

"ఉంది."

"ఆ గీత మీద రాయి."

"ఎవరని రాయను?"

"రాస్తూ విను, మధ్యలో ఆపకు. వాచ్‌మన్‌కి ఆ రోజు నూటమూడు జ్వరం. ఆయన బదులు వెళ్లినవాడికి ఇరవై రెండేళ్లు. పత్తి బయటికి పోకుండా తాళం వెయ్యమని యజమాని చెబితే వేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని అన్నం తినడానికి పోయాడు. పొగ చూసి పరిగెత్తుకొచ్చాడు. జనం మూగి ఉన్నారు. జేబులో చెయ్యి పెట్టాడు. చెవి తగిలింది. బయటికి తియ్యలేదు. తీస్తే వేసింది తనేనని అందరికీ తెలుస్తుందని. మేస్త్రి గొడ్డలితో కొట్టేదాకా అలాగే నుంచున్నాడు."

"... బావగారూ."

"ఆపకు అన్నాను. ఆ సాయంత్రం జ్వరంతోనే లేచి, వాడి జేబులోంచి చెవి తీసుకుని, పెద్దాయన పోలీసు స్టేషనుకి నడిచాడు. రాశావా?"

"ఇదంతా పట్టదండీ. గీత చిన్నది. ఎవరు చెప్పారో అదొక్కటే పడుతుంది."

"అయితే 'కొడుకు' అని రాయి. రాసి ఫోన్ చెయ్యి. పక్కింటి పిల్లకి నువ్వే చెప్పుకో, నేను చెప్పను. ఇది నా నోట ఇవాళ ఒక్కసారే వచ్చింది. మళ్లీ అడిగావంటే నీ గుమ్మం నేను తొక్కను, నా గుమ్మం నువ్వు తొక్కొద్దు."