పురిటికొచ్చిన గూడబాతులు

భుజంగరాయనింగారని ఒకాయన ఉండేవాడంట. మన ఈతలమిట్టకి ఉత్తరాన అదిగో ఆ రాళ్ళగుట్ట కనపడుతోందే, అప్పుడది కోట. ఆయనకి లేనిదంటూ లేదు. మాగాణి ఉంది, గుర్రాలున్నాయి, వీణ వాయించేవాళ్ళున్నారు, వీణ విని తల ఊపేవాళ్ళూ ఉన్నారు. ఇన్నీ ఉన్నవాడికి పొద్దుపోకపోవడమని ఒక జబ్బు వస్తుంది చూడండి, అది పట్టుకుందంట ఆయన్ని. కరణాన్ని పిలిచి ఏమయ్యా నాకు వనవిహారం చెయ్యాలని మనసైంది అన్నాడంట. చిత్తం, వెలిగొండలకి డేరాలు పంపిస్తానన్నాడు కరణం. 'అంత దూరమా? పొద్దున బయల్దేరితే మధ్యాన్నం భోజనానికి ఆకు ముందుండాలి, దీపాలవేళకి నా పరుపు మీద నేనుండాలి, అట్టాంటి అడవి ఎక్కడుందో చూడు' అన్నాడంట. అంటే ఏందనుకున్నారు, అడవి కావాలి, కాలికి ముల్లు గుచ్చుకోకూడదు. పక్షి కావాలి, అది భుజం మీద రెట్ట వెయ్యకూడదు. నవ్వుతారేందయ్యా? మీరు మాత్రం పొద్దున టిఫిను చేసి బయల్దేరలా నెల్లూరు నించి? సరే, కూర్చోండి. వచ్చారు గనక వినండి.

కరణం ఏం చెప్పాడంటే, అంత దగ్గర్లో చూడదగిందంటే ఈతలమిట్ట చెరువే దొరా అన్నాడంట. ఇదే చెరువు. కార్తీకం వానలకి కట్ట నిండా నీళ్ళొస్తే, ఆ నీళ్ళలో మొలలోతున నిలబడ్డ తుమ్మచెట్ల మీదికి ఇప్పుడు మీరు చూస్తున్న ఈ గూడబాతులే, మూతికింద సంచి వేలాడే ఈ మహాతల్లులే, ఏ దేశాల మీదుగానో ఎగిరొచ్చి దిగేవి. వచ్చి పుల్లలేరుకుని గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసుకుని, ఎండలు ముదిరేలోగా పిల్లాజెల్లాతో వెళ్ళిపోయేవి. ఊళ్ళో వాటిని పక్షులనేవాళ్ళు కాదు. ఆడబిడ్డలు పురిటికొచ్చారు అనేవాళ్ళు. మొదటి పక్షి దిగిన రోజున డప్పుల పెంచలయ్య తన డప్పును పసుపుగుడ్డలో చుట్టి అటక మీద బోర్లించేవాడంట. రోళ్ళు నడిమింట్లోకి పోయేవి, ఎద్దుల మెడల్లో మువ్వలు ఊడిపోయేవి. ఆ నెలల్లో పెళ్ళి జరిగితే మేళం లేదు, తాళాలు లేవు, తలంబ్రాలప్పుడు నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకోవాల్సిందే. మా అమ్మ పెళ్ళి అట్టాగే అయింది. దొంగపెళ్ళి చేసుకున్నట్టు చేసుకున్నావు నన్నని చచ్చేదాకా సాధించింది మా నాన్నని. అయినా మరుసటేడు ఆ పక్షి దిగ్గానే, ఇంట్లో అందరికన్నా ముందు గొంతు తగ్గించింది ఆమే. వాటి రెట్ట నీళ్ళలో కలిసి పొలానికి బలమవుతుంది గదా, అందుకేలే అంటారు మీలో చదువుకున్నవాళ్ళు. బలమవుతుంది, నిజమే. కూతురు పుట్టింటికొస్తే ఇంటిపనికి కూడా ఇంకో రెండు చేతులు తోడవుతాయి. అందుకని పిలుస్తామా కూతుర్ని?

కరణం మాట విని భుజంగరాయనింగారు ఏం చేశాడంటే, తన బావమరుదుల్నీ వాళ్ళ స్నేహితుల్నీ పిలిచాడంట. మా చెరువు మీద పక్షులు లేస్తే సూర్యుడు కనపడడు, రండి చూద్దురుగాని అని గొప్పలు చెప్పి పిలిచాడు. పుష్యమాసం అది. గూళ్ళలో కొన్ని గుడ్ల మీదున్నాయి, కొన్నిటికి రెక్కరాని పిల్లలున్నాయి. ఈ కట్టమీదే తివాచీలు పరిచారంట, వెండి పళ్ళేలు దించారంట, ఇక్కడే, మీరు కూర్చున్న చోటే. పక్షులేమో కదల్లేదు. పొదిగే తల్లి ఎందుకు కదులుతుంది? చూసి చూసి పెద్దబావమరిది ఆవలించి, 'ఏం బావా, ఉతికిన పంచెలు ఆరేసినట్టుంది. దీనికోసమా మమ్మల్ని ఇంత పొద్దున్నే లేపావు? ఇవసలు ఎగరగలవా, లేకపోతే నువ్వే మట్టితో చేయించి పెట్టావా?' అన్నాడంట. అందరూ నవ్వారు. రాయనింగారి మొహం కందగడ్డయింది. ఎవరక్కడ, ఊళ్ళో డప్పు తెప్పించండి అన్నాడు. పెంచలయ్య వచ్చి చేతులు కట్టుకుని నిలబడి, 'దొరా, డప్పు నాదే. ఇప్పుడు దాన్ని దించే హక్కు మాత్రం నాది కాదు. ఆడబిడ్డలు లేచెళ్ళాక దించుతాను. అంతగా దేన్నో ఒకదాన్ని కొట్టాలంటే నన్ను కొట్టండి, చప్పుడు తక్కువ' అన్నాడంట. ఎంత మాటన్నాడో చూడండి. ఆ మాటకి మనిషన్నవాడు ఆగిపోవాలి. ఆగాడా? కోటలోంచి నగారా తెప్పించాడు. యుద్ధాలకి కొట్టే నగారా అది, బండికెత్తి తోలుకొచ్చారంట.

నగారా మీద దెబ్బ పడింది. దిక్కులు దద్దరిల్లాయంట, నిలవనీళ్ళ మీద ముడతలు పడ్డాయంట. ఒక్కసారిగా చెట్లన్నీ విడిచిపెట్టి లేచాయి ఆ పక్షులు. ఆకాశం తెల్లబడింది, నిజంగానే సూర్యమండలం కనపడలేదు. ఆహా అన్నారంట అతిథులు. అద్భుతమన్నారంట. పెద్దబావమరిది తన ఉంగరం తీసి నగారా కొట్టినవాడికిచ్చాడంట. చూడ్డానికి బాగుంటుందయ్యా, కాదని నేనన్లేదు. ఇల్లు తగలబడుతున్నా దూరాన్నించి చూసేవాడికి వెలుగు బాగానే ఉంటుంది. తల్లులు లేచిన ఊపుకి గూళ్ళు ఊగి గుడ్లు నీళ్ళలో పడ్డాయి. రెక్కరాని పిల్లలు కొమ్మల్లోంచి జారి ముళ్ళకి గుచ్చుకున్నాయి. ఎక్కణ్ణించి చూశాయో గద్దలు, కాకులు, వచ్చి వాలాయి. ఊళ్ళో ఆడవాళ్ళు చేటలు పట్టుకుని, చీరలు తడిసేది కూడా చూసుకోకుండా నీళ్ళలోకి దిగారంట, దొరికినన్ని పిల్లల్ని ఏరడానికి. వాళ్ళలో ఓబులమ్మని ఒకామె ఉంది. మంత్రసాని. ఈ చుట్టుపక్కల పుట్టినవాళ్ళందరూ ముందు ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే, ఆ రాయనింగారితో సహా. ఆమె ఏం చేసిందంటే, చచ్చిన పిల్లల చేట ఒకటి నెత్తినెత్తుకుని తిన్నగా కట్టమీదికొచ్చింది. అప్పటికి పులిహోర వడ్డిస్తున్నారు. రాయనింగారి విస్తరి పక్కన ఆ చేట దించి, 'అయ్యా, వడ్డించేవాళ్ళు మరిచిపోయారు. ఇది కూడా మీ విందులోదే' అన్నదంట. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. 'తియ్యవే అవతల. పక్షికి పురుడేంది, దానికొక మంత్రసానేంది' అన్నాడు. అతిథులు మళ్ళీ నవ్వారంట. ఓబులమ్మ చేట తీసుకుని వెళ్ళిపోయింది. పక్షులు కూడా చాలాసేపు చెరువు మీద తిరిగి తిరిగి, దక్షిణంగా వెళ్ళిపోయాయి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ రాయనింగారికి ఒక్కతే కూతురు, చెంగలమ్మ. తొలిచూలు. పురిటికి కోటకొచ్చి ఉంది. ఆ పిల్ల కోసం ఆయన ఏమేం చేశాడనుకున్నారు? కోటలో గంట కొట్టకూడదన్నాడంట. గుర్రాల డెక్కలకి గోనెపట్టా కట్టించాడంట. తిరగలి తిప్పితే అమ్మాయి ఉలిక్కిపడుతుందని పిండి పొరుగూళ్ళో విసిరించి తెప్పించాడంట. ఇట్టాంటి తండ్రి ఆయన. మనసు లేనివాడైతే అదో లెక్క. ఉన్న మనసంతా కోటగోడ లోపలే పెట్టుకున్నాడే, దానికి మండుతుంది నాకు. సరే, ఆ పిల్లకి ఒళ్ళు నొప్పులుగా ఉంటే నూనె రాయడానికి రోజూ వచ్చేది ఓబులమ్మే. ఆ సాయంత్రం వచ్చింది. చీరకి బురదా ఈకలూ అంటుకునుంటే, ఏమైంది ఓబులమ్మత్తా, పొద్దున ఆ చప్పుడేంది అని అడిగిందంట చెంగలమ్మ. ఓబులమ్మ చెప్పనంది. నా మీదొట్టు, చెప్పంది చెంగలమ్మ. అంతా చెప్పింది. అప్పుడా పిల్ల మెల్లిగా లేచి, గోడ పట్టుకుని నడిచి, తండ్రి కూర్చున్న చావడిలోకి పొయ్యింది. 'నాన్నగారూ, నగారా కొట్టించింది మీరేనా?' 'నేనేనమ్మా, పక్షుల్ని లేపడానికి. నీకు వినపడిందా? తలుపులన్నీ మూసెయ్యమని చెప్పానే.' 'మూశారు నాన్నగారూ. నాకు తలుపులున్నాయి. వాళ్ళకి లేవు.' వాళ్ళెవరమ్మా అన్నాడంట ఈయన, అర్థంగాక. 'పురిటికొచ్చినవాళ్ళు. వాళ్ళని తరిమిన ఇంట్లో నన్ను పురుడు పోసుకోమంటే నావల్ల కాదు' అని, కట్టుకున్న చీరతో ఓబులమ్మ భుజం పట్టుకుని కోట గుమ్మం దాటిందంట. పల్లకి ఎక్కమంటే ఎక్కలేదు. నిండు మనిషి, మడిగట్ల మీద ఆగి ఆగి నడిచి, ఈ ఊరొచ్చి ఓబులమ్మ పూరింట్లో చాప మీద పడుకుంది.

ఈయన వెనకాలే పల్లకి, బోయీలు, వైద్యుడు, అంతమందినీ వేసుకుని వచ్చాడు. ఓబులమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. 'దొరా, లోపల బిడ్డకి నొప్పులు మొదలైనాయి. పురిటి మనిషిని కదిలించనిచ్చే మంత్రసాని ఎక్కడైనా ఉంటే ఆమెని తెచ్చుకోండి, నేను తప్పుకుంటాను' అన్నదంట. ఏం చేస్తాడు? ఆ వాకిట్లోనే, మట్టి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన వచ్చాడని కుక్క అరిస్తే, ఉష్షని దాన్ని బతిమిలాడుకున్నాడంట. నగారా కొట్టించిన మనిషి. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. ఇంటికి పోదాం రామ్మా అన్నాడు గడప అవతల నిలబడి. చెంగలమ్మ చాప మీదనించే చెప్పింది: 'ఆ చెట్ల మీదికి వాళ్ళు మళ్ళీ వస్తే నేనూ వస్తాను నాన్నగారూ. రాకపోతే నా పుట్టిల్లు ఇదే అనుకుంటాను. మనవరాలిని చూడాలంటే ఇక్కడికే రండి. గుర్రం దిగి రండి.'

ఇప్పుడు ఈయన తెలివి చూడండి. పక్షులు దక్షిణాన మన్నేటికోట అనే ఊరి చెరువులో దిగాయని తెలిసింది. ఆయన లెక్కేందంటే, ఇక్కడ నగారా కొడితే అక్కడికి పొయినాయి గదా, అక్కడ కొడితే ఇక్కడికొస్తాయని, మళ్ళీ నగారా బండికెత్తించుకుని బయల్దేరాడంట. అవునయ్యా, నిజం. మన్నేటికోట జనం ఊరి మొదట్లోనే బండికి అడ్డంగా నిలబడ్డారు. వాళ్ళ పెద్దాయన చాలా మర్యాదస్తుడంట, దణ్ణం పెట్టి మరీ చెప్పాడు: 'రాయనింగారూ, పుట్టింట్లో కొడితే పొరుగింటికి పారిపోయి వచ్చిన ఆడబిడ్డలు. వాళ్ళని ఇక్కడ కూడా కొట్టి మీ ఇంటికి తోలమంటున్నారు. మీరు పెద్దవాళ్ళు, ఏమీ అనలేం. బండి మాత్రం తిప్పుకోండి.' అక్కడ దిగిందంట దెబ్బ, సరైన చోట. బండి తిప్పుకున్నాడు.

ఆ మరుసటేడు వానలకి ముందే ఈయన కట్టమీదికొచ్చి తాటాకుల పాక వేసుకున్నాడు. తివాచీ లేదు, వెండి లేదు. కట్ట మీదుగా పొయ్యే ఎద్దుల మువ్వలు తనే వంగి విప్పేవాడంట. దగ్గొస్తే కండువా నోట్లో కుక్కుకునేవాడు. చెరువు నిండింది. ఆకాశం చూస్తూ కూర్చున్నాడు, ఏమీ రాలేదు. కార్తీకం సగమైంది, రాలేదు. ఇంక రావు దొరా, కోటకి పదండని కరణమంటే, నువ్వు గొంతు తగ్గించు అన్నాడంట. ఒకనాడు మిట్టమధ్యాన్నం ఒక్క పక్షి వచ్చింది. చెరువు చుట్టూ తిరిగింది, తిరిగింది. ఈయన తలెత్తలేదు. చూస్తే భయపడుతుందేమోనని నేల చూస్తూ కూర్చుని, దాని నీడ మాత్రం నీళ్ళ మీద పోతుంటే చూశాడంట. పక్షుల్ని చూడాలని అంత ఆర్భాటం చేసినవాడు, చివరికి నీడని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అది దిగింది. ఎవరికీ చెప్పలేదాయన. చెబితే జనమొస్తారని. తర్వాత రెండోది దిగింది, గుంపు దిగింది, చెట్లు తెల్లబడ్డాయి. చెంగలమ్మకి తెలిసినా వెంటనే కదల్లేదు. కూర్చోనియ్యండి, గుడ్లు పెట్టనియ్యండి, పిల్లలు కానియ్యండి అంది. పిల్లలయ్యాక, తన బిడ్డని చంకనేసుకుని కట్టమీదికొచ్చింది. ఆ పసిదానికి అప్పుడప్పుడే చప్పట్లు చరచడం వచ్చింది. చెట్టునిండా పక్షుల్ని చూసి కిలకిలా నవ్వి రెండు చేతులూ ఎత్తింది చరచడానికి. రాయనింగారు పరిగెత్తినట్టు వచ్చి, ఆ రెండు చిట్టిచేతుల్నీ తన అరచేతుల్లో మెత్తగా మూసి పట్టుకుని, 'వద్దు తల్లీ. అత్తలు పడుకున్నారు' అన్నాడంట. అప్పుడు చెంగలమ్మ, పదండి నాన్నగారూ, మనింటికి పోదాం అంది.

అదీ కథ. కోట పొయ్యింది, రాళ్ళు మిగిలాయి. నగారా తోలు ఏనాడో చినిగింది, గంగాళమంత ఉండే దాని డొల్లలో మా అవ్వావాళ్ళు దూడలకి కుడితి పోసేవాళ్ళంట. చెరువుంది, చెట్లున్నాయి, ఆడబిడ్డలు వస్తూనే ఉన్నారు. నగారాలు కూడా వస్తూనే ఉన్నాయి, అదీ నా బాధ. పోయిన ఆదివారం ఎవరో పెద్ద పాటలపెట్టె దించారిక్కడ, మీరు కూర్చున్న చోటే. ఒకాయన టపాకాయ వెలిగించబోయాడు, పక్షులు లేస్తే ఫోటో బాగా వస్తుందంట. అడిగితే, టికెట్టు కొన్నాం తాతా అన్నాడు. ఏమని చెప్పను? ఆ రాయనింగారికి చాప మీదనించి బుద్ధి చెప్పడానికి ఒక కూతురుంది. వీళ్ళ కూతుళ్ళు కారులో కూర్చుని ఐస్‌క్రీము తింటున్నారు. అయినా మీరు మంచివాళ్ళే, ఇంతసేపూ ఒక్క మాట లేకుండా విన్నారు. అంతసేపూ మీ వెనక ఆ తల్లి పిల్లకి నోట్లో చేప పెడుతూనే ఉంది, మీరెవరూ చూడలా. వెళ్ళొస్తారా, మంచిది. కారు తలుపులు మాత్రం గట్టిగా వెయ్యబాకండి.