తాళం ఇవతలి వైపు

హలో… ఆ, నేనే అన్నయ్యా. నేనే, ఇంకా చావలేదు.

— ఆ చప్పుడా? మీ బావే. వెనక గది తలుపు బాదుతున్నాడు.

— కాదు కాదు, గదిలో ఉన్నది నేను కాదు. ఆయన. నేను బయట, తలుపుకి ఎదురుగా స్టూలేసుకుని కూచున్నా. ఫోన్ స్పీకర్లో పెట్టా, ఒక చెయ్యి పనిచెయ్యట్లేదు.

— నేనే వేశాను తాళం. నన్ను లోపల పెట్టడానికి ఆయన బిగించిన గొళ్ళానికే… తెలీదా నీకు? వదినకి నాలుగుసార్లు చెప్పానే. పోనీలే.

— నేనేం చేశానా? ఆయనేం చేశాడని అడగవేంటి ముందు!… సరే, విను. పొద్దున ఆయన పడుకుని ఉంటే ఒకావిడ బీరువా తాళంచెవి కావాలని ముందు గదిలో మా తాళాల షాపుకొచ్చింది. నేనే కోసిచ్చా. మొదటిసారికే తిరిగిందట. ఆవిడ ఊరుకోక మధ్యాహ్నం మళ్ళీ వచ్చి, 'మీకంటే మీ ఆవిడ చెయ్యే నయం మేస్త్రీ' అని ఆయన మొహమ్మీదే అంది. ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, నా ఎడమ చెయ్యి వైసులో పెట్టి బిగించాడు.

— వైసు. బల్లకి ఉంటుందే, ఇనుము కదలకుండా పట్టుకోడానికి. అది… పిడి తిప్పుతూ 'ఇప్పుడు కొయ్యవే' అన్నాడు.

— రెండు వేళ్ళు. గోళ్ళు లేవు. లోపల ఎముక ఏమైందో తెలీదు, గుడ్డ చుట్టేశా.

— ఆ తర్వాత మామూలే. జుట్టు పట్టుకుని ఈడ్చుకొచ్చి గదిలోకి తోశాడు. రోజూ అయితే తాళం వేసి పోతాడు. ఇవాళ ఆయనకి అంతటితో చాల్లేదు, బెల్టు తీసి తనూ లోపలికొచ్చాడు. చంక కిందనుంచి దూరి బయటపడ్డా. గొళ్ళెం పెట్టి, దానికే వేలాడే తాళం నొక్కేశా.

— తెరుచుకుంటాడా? ఊళ్ళో తాళాలన్నీ తెరుస్తాడు, నిజమే. కానీ తాళం ఇవతలుంది, ఆయన అవతలున్నాడు. పనిముట్ల సంచీ నా కాళ్ళ దగ్గరుంది, తాళంచెవీ అందులోనే. కిటికీకి చువ్వలు ఆయనే వేయించాడు, నేనెక్కడ దూకేస్తానో అని.

— వినపడిందా? 'నరికి పోగులు పెడతా' అంటున్నాడు. నీ చెల్లెల్నే.

— తెరవను… పోలీసులకి ఫోన్ చేసేశా. బయల్దేరారట.

— ఆ, నీకు చెప్పకుండానే. చెప్తే ఏం చేస్తావో తెలుసు. పోయినసారి స్టేషన్లో పక్కన కూచుని మరీ రాయించావు కదా, 'మెట్ల మీంచి పడ్డాను' అని. మా ఇంటికి మెట్లే లేవన్నయ్యా!

— పరువా… ఆగు, ఆగు. తలుపు చెక్క పగిలింది. చెయ్యి బయటికొచ్చింది. తాళం కోసం తడుముతున్నాడు… ఉండు—

…

— ఉన్నా. కొట్టాను. సుత్తితో, వేళ్ళ మీదే… ఆ అరుపు ఆయనదే. చెయ్యి లోపలికి లాక్కున్నాడు.

— సిగ్గా? లేదు. సంతోషమూ లేదు. మళ్ళీ చెయ్యి పెడితే మళ్ళీ కొడతా.

— … విను. ఇప్పుడు అరవడం లేదు. ఏడుస్తున్నాడు… అన్నయ్యా, నాకు ఇదే భయం. తిట్లకీ తన్నులకీ కాదు. 'బంగారం, కాసిని నీళ్ళివ్వవూ' అంటున్నాడు. ప్రతిసారీ ఇక్కడే నా పని అయిపోతుంది. చూడు, తాళంచెవి నా చేతికెప్పుడొచ్చిందో కూడా తెలీదు. తాళంలో పెట్టేశా.

— అనకు! 'తెరువు తల్లీ' అనకు. నువ్వు ఆ గొంతుతో అంటే తెరిచేస్తాను నేను.

— ఎవరి కోసమా? అమ్మ కోసం అయిదేళ్ళు సర్దుకున్నా. నీ పరువు కోసం మెట్లు లేని ఇంట్లో మెట్ల మీంచి పడ్డా. ఇది నా కోసం. ఒట్టి నా కోసమే.

— … నిమిషం. సంచీలో పట్టకారు ఉండాలి… ఆ.

…

— విన్నావా, టక్కుమని? కాదు, తెరుచుకోలేదు. తాళంచెవి సగానికి విరిచేశా, తాళంలోనే. ఇక ఆయన ఏడ్చినా, నువ్వు బతిమాలినా, నేనే కరిగిపోయినా తెరుచుకోదు. పోలీసులొచ్చి తాళం కోసి తియ్యాల్సిందే.

— పిచ్చిదాన్నే. ఒప్పుకుంటా.

— … జీపొచ్చింది. వీధి తలుపు తీయాలి.

— రా. నా చెయ్యి చూడ్డానికైతే ఇప్పుడే రా, నాకూ నిన్ను చూడాలనుంది. పక్కన కూచుని రాయించడానికి మాత్రం రాకు. పోయింది ఎడమచెయ్యి. కుడిచెయ్యి బాగానే ఉంది, నేనే రాసుకుంటా.

ఉంటా మరి.