విలీన వ్యతిరేక ఐక్య సభ

రాయ్‌పూర్ డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ చాయ్ దుకాణంలో ఆంధ్ర సంఘం కార్యదర్శి, తెలంగాణ సంఘం కార్యదర్శి ఒకే హిందీ పేపరును చెరో సగం పంచుకుని చదువుతున్నారు.

"చూశావా తమ్ముడూ, ఎక్కడో రెండు దేశాలు ఒకటవుదామంటే పార్టీలూ జనమూ రోడ్డెక్కారంట. పక్కపక్కనే ఉండి ఇదేం బుద్ధి!"

"గింత ఇరుకు మనసులేందన్నా! గది సరే, మన రెండు సంఘాలను మళ్ళ కలుపుదామని పోరగాళ్ళు తీర్మానం పెట్టిన్రు కదా?"

"అది వేరే సంగతి. ఉగాది పచ్చడి మేం తింటాం, మీరు గ్లాసుల్లో పోసుకుని తాగుతారు. తాగేదాన్ని పచ్చడంటారా?"

"ముద్ద చేసి నాకేదాన్ని అంటరా? మావోళ్ళు గూడ బిల్కుల్ వద్దంటున్నరు."

"అయితే ఇద్దరం కలిసి అడ్డుకుందాం. ఉగాది రోజే సభ పెడదాం, జనమూ వస్తారు."

"మంచిగుంటది. కుర్చీలు మేం తెస్తం, మైకు మీరు తెండ్రి."

"అధ్యక్షత?"

"తొలి గంట మీరు, మలి గంట మేము."

"మరి పచ్చడి?"

"మీది గిన్నెల, మాది కుండల. పక్కపక్కనే పెడదాం, ఎవరికేది నచ్చితే అది."

"ఖర్చు సగం సగం. కరపత్రం ఒక్కటే."

"అన్నా, రాష్ట్రం విడిపోయిన సంది మనోళ్ళు ఇంత మంచిగ కలిసి ఏ పనీ చెయ్యలే."

"నిజమే తమ్ముడూ. ఆ మాట మాత్రం మైకులో అనకు."