ఫెలీ కోసిన ఫ్లెక్సీ

కాదు హెర్మో అన్నా, ముందు నా మాటకి జవాబు చెప్పండి. ఫ్లెక్సీ మన ఊరి పెద్ద కాపితాన్‌దే, ఒప్పుకుంటాను. మరి దాంట్లో ఉన్న పిల్ల ఎవరిది? నన్నొక్క మాట అడగకుండా నా కూతురి ఫొటో వేసుకున్నాడే, ఆ ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలి? మీ పెద్దల పంచాయతీకేనా?

కూర్చుంటాలెండి, మీరు రాసుకోండి. చెక్క గోడ అవతల కాపితాన్ వింటున్నాడనీ తెలుసు. విననివ్వండి.

కోశాను. చేపలు చీల్చే కత్తితోనే కోశాను. కాదని ఎప్పుడన్నానా? మూడుసార్లు పిలిచారు, మూడుసార్లూ అదే చెప్పాను. అబద్ధమాడే అలవాటు మా ఇంటావంటా లేదు.

తెలుసన్నా. ఇవాళే ఆఖరు. నేను తప్పయిందని అంటేనే మా అమ్మాయి లుజెల్‌కి మంచి నడవడి కాగితం మీద కాపితాన్ సంతకం పడుతుంది. సోమవారంలోగా ఆ కాగితం లేకపోతే ఆసుపత్రిలో దాని ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. కోసింది నేను, శిక్ష దానికి. ఇదేం న్యాయమో మీకే తెలియాలి.

అసలు మీరు చూశారా ఆ ఫ్లెక్సీని? కాపితాన్ ముఖం చేటంత. నా కూతురి ముఖం నిమ్మకాయంత. కింద ఏమని రాశారు? "కాపితాన్ బర్నబె అండతో కష్టాలను గెలిచి, మంత్రసాని పరీక్ష నెగ్గిన మన ఊరి బిడ్డ" అని! అండ! ఎవరి అండ అన్నా? దున్నేవేళ దూడల్లో, మేసేవేళ ఎద్దుల్లోనా?

ఆ తుఫాను మీకూ గుర్తే. మా ఆయన పడవతో సహా పోయాడు. ఇంటికి నాలుగు రాటలు మిగిలాయి. ఆ పైయేడు మన జాలరి సంఘం వాళ్లు, కష్టాల్లో పడి కూడా చదువు వదలని పిల్లలకి సాయం చేస్తామన్నారు. ప్రతి పడవా శుక్రవారం వేట ఆ పిల్లల చదువుకే వదిలెయ్యాలని తీర్మానం. ఇది బీద ఇల్లేనని కాపితాన్ రాసిచ్చిన కాగితం ఒక్కటి తెమ్మన్నారు.

ఆ కాగితం అడిగితే ఏమన్నాడో చెప్పనా? "నీ ఇంటి మీద కొత్త రేకులు తళతళలాడుతున్నాయి కదే ఫెలీ! నువ్వు బీదదానివా? నేనే వచ్చి నీ పంచన చేరాలి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రేకులు చర్చివాళ్లు తుఫాను ఇళ్లకి పంచినవి. పంచినరోజు ముందుకొచ్చి ఫొటోకి నించున్నది ఎవరు? ఈయనే!

అక్కడితో ఆగాడా? "పిల్ల తన కష్టాల కథేదో రాసిందిగా, చదవమను. నాకు ఏడుపొస్తే సంతకం పెడతా" అన్నాడు. పదిహేడేళ్ల పిల్లన్నా! తండ్రి పోయిన సంగతి ఈ వరండాలోనే నిలబడి చదివింది, జనం వేరుశెనక్కాయలు నములుతుంటే. నాన్న చొక్కా ఒక్కటే ఒడ్డుకి కొట్టుకొచ్చిందన్న చోటికి వచ్చింది. అప్పుడే ఆయన ఫోన్ మోగింది. నవ్వుతూ మాట్లాడుకుంటూ లోపలికి పోయాడు. మళ్లీ రాలేదు.

ఎందుకో తెలీదా మీకు? మా ఆయన ఎన్నికల్లో అవతలివాడి తరఫున తిరిగాడు. అదీ అసలు సంగతి.

మీరూ ఉన్నారుగా ఆ రోజు? తల దించుకోకండి. మిమ్మల్నేం అనడం లేదు... ఆఁ, అంటున్నాను. అననివ్వండి.

సంఘం పెద్దాయన కాగితం లేకుండానే ఒప్పుకున్నాడు. "ఆ పడవ కోసం సముద్రం గాలించింది మేమే. ఇంకెవరి సాక్ష్యం కావాలి?" అన్నాడు. అండ అంటే అదీ. నాలుగేళ్లు ఊరి పడవలు చదివించాయి నా బిడ్డని.

కోసిన ముక్కా? నెత్తళ్ల చేపలు ఎండబెట్టే తడిక మీద పరిచాను, కాపితాన్ ముఖం పైకి పెట్టి. ఆదివారం ప్రార్థనకి వెళ్తూ ఆయనే చూసుకున్నాడు. ముక్కు మీద నెత్తళ్లు, నోటి నిండా ఈగలు. పక్కనున్న పెళ్లాం పకపకా నవ్విందట! ఇంతకాలంగా భరిస్తోంది పాపం, ఆమాత్రం నవ్వకూడదూ?

మీకూ నవ్వొస్తోందే! దాచుకోకండి.

పగ మంచిది కాదంటారా? ఆ నీతి నాకు చెప్పక్కర్లేదన్నా. ఎదుటివాడి చెడు కోరితే మన అన్నమే చేదవుతుందని చెప్పి పెంచాను దాన్ని. అది నేర్చుకుంది. నాకే రాలేదు.

పొద్దున నా కాళ్ల దగ్గర కూర్చుంది. "అమ్మా, మనసులో ఎంతైనా తిట్టుకో. నోటితో మాత్రం తప్పయిందని అనేసి రా" అంది. బాలయేసు మీద ఒట్టు వేశాను. దారి పొడుగునా అదే వల్లె వేసుకుంటూ వచ్చాను, బడిపిల్లలా. గుమ్మంలో ఆయన పళ్లు కుట్టుకుంటూ, "రా ఫెలీ, ఇవాళ నువ్వు చదువుతావా కథ?" అన్నాడు. అంతే. ఆ మాట నా గొంతులోనే చచ్చింది.

ఒక్కటి చెప్తాను, ఇది రాయకండి. ఆ ముఖం చుట్టూ కత్తి తిప్పుతుంటే ఎంత హాయిగా ఉందనుకున్నారు! నా పెళ్లినాడు కూడా అంత సుఖం ఎరగను. అది పాపమని తెలుసు. నా కూతురు తుఫానును దాటింది, ఆకలిని దాటింది, ఈ మనిషినీ దాటింది. ఇవాళ దాని దారికి అడ్డంగా పడుకున్నది నేనే. అదీ తెలుసు. అయినా నోరు పెగలడం లేదు.

రాసుకోండి, ఫెలీ తప్పయిందని అనలేదని. ఇంటికెళ్లి దానికేం చెప్పాలో నా చావు నేను చస్తాను.