ఆదిశేషయ్య తొందర

ఆ ఫోను జేబులో పెట్టరా తేజా, పెట్టు. నేను చూళ్ళేదనుకున్నావా? బస్టాపు గోడ మీద పచ్చరంగుతో రాసిన ఆ మగాళ్ళ రహస్య వైద్యం నెంబరేగా ఫొటో తీస్తున్నావు? అబ్బే, నిన్నేం అడగన్లే. పెళ్ళయి నాలుగు నెలలైనోడివి, అడిగితే మాత్రం ఈ చిన్నతాతకి చెప్తావా ఏంటి? కూర్చో. బెజవాడ బస్సుకింకా టైముంది. మా ఆదిశేషయ్య సంగతి చెప్తా విను. నువ్వు పుట్టకముందే పోయాడు పాపం, పచ్చకామెర్లు. ఇక్కడే మంగళగిరిలో మా పక్కిల్లు, మగ్గం నేసేవాడు. నేనేమో బట్టల కొట్లో గుమాస్తాని. ఆరడుగుల మనిషి. అన్నం తింటే గంట, స్నానం గంట, మాట మాట్లాడితే ఇంకో గంట. అంత నిదానం! అట్లాంటోడికి ఒక్క విషయంలోనే తొందర. ఆఁ, అదే. నవ్వకు. వాడే చెప్పమన్నాడు, "నాలాంటి వెధవ ఎవడన్నా తగిలితే దాచకుండా చెప్పెయ్ రా" అని.

పెళ్ళయిన రెండో ఏడు. అరుగు మీద పడుకోవడం మొదలెట్టాడు. ఏరా అంటే ఉక్కంటాడు. పుష్యమాసంలో ఉక్కేంట్రా! గట్టిగా నిలదీస్తే అప్పుడు బయటపెట్టాడు. "మొదలెట్టేలోపే అయిపోతోందిరా. మా ఆవిణ్ణి, చౌడేశ్వరిని, పెడన పంపించేస్తా. దాని పుట్టింటోళ్ళు ఇంకెవరికన్నా ఇచ్చుకుంటారు. దాని బతుకు నేనెందుకు పాడుచెయ్యాలి?" అన్నాడు. బంగారం లాంటి పిల్లరా చౌడేశ్వరి. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆగరా, దీనికి మందుంటుందని బెజవాడ లాక్కెళ్ళా. ఎక్కడికి? ఇదుగో, ఇట్లాంటి గోడ మీద రాతే చూసి, ఒక లాడ్జి గదికి! తలపాగా పెట్టుకుని ఒకాయన మంచం మీద కూర్చున్నాడు. నాడి పట్టుకుని "చిన్నప్పటి తప్పులు నాయనా, నరాలు సడలిపోయినై" అని లేహ్యం డబ్బా ఇచ్చాడు, రోజూ ఉసిరికాయంత, నలభై రోజులు తినమని. మావాడు త్వరగా తగ్గాలని రెండ్రోజుల్లో డబ్బా నాకేశాడు! ఇంక చూడు, చెంబు పట్టుకుని పరుగే పరుగు. గుండె దడ. మూడ్రోజులు నేను మజ్జిగ పోసి బతికించా. అందులో ఏం కలిపాడో ఆ దేవుడికే తెలియాలి.

అప్పుడు అసలు డాక్టరు దగ్గరికెళ్ళాం, బెజవాడలోనే. పెద్దాయన, చదువుకున్నాయన. "ఏంటండీ ఇబ్బంది?" అనగానే మావాడు ఠక్కున నా భుజం మీద చెయ్యేసి, "వీడికండీ! తొందరగా అయిపోతోందంటండీ!" అన్నాడు. ఓర్నీ! నాకప్పటికి పెళ్ళే కాలేదురా! కాదందామంటే వాడు ఆయన వెనకనుంచి రెండు చేతులూ జోడించేశాడు. ఏం చేస్తాను, బల్లెక్కి పడుకున్నా. ఆయన తెర లాగి మొత్తం పరీక్ష చేశాడు, షుగరుందా, థైరాయిడుందా, దేనికన్నా దిగులు పడుతున్నావా అని. "ఎంతసేపట్లో అవుతోంది బాబూ?" అంటే నాకేం తెలుసు? తెర అవతల్నించి మావాడు "అరనిమిషమండీ!" అన్నాడు. "మొదట్నించీ ఇంతేనా?" "మొదట్నించీనండీ!" మళ్ళీ అవతల్నించే. ఆయన తెర తీసి, నవ్వాపుకుంటూ, "మీరు దిగండి బాబూ, ఆయన్నెక్కమనండి" అన్నాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు పొట్ట చెక్కలవుద్ది.

అంతా చూసి, "శీఘ్రస్ఖలనం అంటారు, చాలామందికుంటుంది, మగతనానికేం ఢోకా లేదు. మరి అంత తొందరేంటి, వెనక ఎవరన్నా తరుముతున్నారా?" అన్నాడు. "మా అమ్మండీ!" అన్నాడు మావాడు. నిజంరా! రెండు గదుల ఇల్లు, రాత్రిళ్ళు అమ్మా చెల్లెళ్ళూ అందరూ అక్కడే. దొరికేది మధ్యాహ్నం, చెల్లెళ్ళు బడికెళ్ళి, వాళ్ళమ్మ అరుగు మీద నూలు కండెలు చుట్టుకునేటప్పుడు. అయితే మగ్గం చప్పుడు ఆగిందంటే బయటకి తెలిసిపోద్ది కదా! "ఏరా శేషూ, పోగు తెగిందా?" అని కేకేసేది. "ఆఁ, అతుకుతున్నానమ్మా!" అనేవాడు. పోగు అతకడానికి ఎంతసేపు పడుద్ది? ఆ కాస్తలోనే కాపురం! డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి మరీ నవ్వాడు. "ఒంటికి నువ్వే తొందర నేర్పావయ్యా. మళ్ళీ నిదానం నేర్పాలి. దానికో పద్ధతుంది, కానీ ఒక్కడివే నేర్చుకునేది కాదు. మీ ఆవిణ్ణి తీసుకురా" అన్నాడు.

తీసుకెళ్ళాం. మావాడు ఆ గదిలో తల వంచుకుని అంతా చెప్పుకున్నాడంట. అంతా విని చౌడేశ్వరి ఏమందో తెలుసా? "ఈయనకి నేనంటే అసయ్యం అనుకున్నానండీ. నా మొహం కూడా చూడకుండా లేచెళ్ళిపోతుంటే, నాలో ఏం లోపముందోనని రోజూ ఏడ్చేదాన్నండీ" అంది. ఈ పెద్దమనిషేమో దాని కోసం త్యాగం చేస్తున్నాననుకుంటున్నాడు! ఆరడుగులోడూ అక్కడే భోరుమన్నాడు. మరి నీ రాగిణి ఏమనుకుంటోందిరా? అడిగావా? చూశావా, అడగలేదు.

పద్ధతంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. మధ్యలో ఆగడం, సద్దుమణిగాక మళ్ళీ మొదలెట్టడం, సిగ్గు పడకుండా ఇద్దరూ మాట్లాడుకోవడం, కొన్ని వారాలు. ఇప్పుడైతే మాత్రలు కూడా ఉన్నాయంట, డాక్టరు రాస్తేనే సుమా. అంతా బానే ఉంది గానీ, ఆగడానికి టైమేదీ? మగ్గం ఆగకూడదుగా! అందుకని నేనెక్కా మగ్గం. నిజంరా! భోజనానికని కొట్లోంచి వచ్చి, పెరటి దారిన దూరి, మగ్గం గుంటలో కూర్చుని టకటకలాడించేవాణ్ణి. చిన్నప్పుడెప్పుడో నేర్చిన నేత, పోగు లాక్కెళ్ళే నాడె ఒకసారి పోయిన దారిన మళ్ళీ పోదు. అరుగు మీంచి వాళ్ళమ్మ, "ఏరా శేషూ, ఇవాళ మగ్గం కుంటుతోందేం?" అనేది. నా గొంతు తెలిసిపోద్దని ఖళ్ళు ఖళ్ళున దగ్గేవాణ్ణి. "దగ్గు పట్టుకుందా నాయనా, మిరియాల కషాయం కాస్తానుండు" అని లేవబోతే నా ప్రాణాలు పైనే పోయేవి!

అట్లా నెల గడిచిందేమో. ఒకరోజు కాళ్ళు పీక్కుపోతున్నాయి, గంట దాటింది, అయినా వీళ్ళు తలుపు తియ్యరే! అప్పుడు లోపల్నించి చౌడేశ్వరి నవ్వింది. అదేదో ఆపుకోలేక వచ్చిన నవ్వు. ఆ ఇంట్లో దాని నవ్వు వినడం నాకదే మొదలు. నేను చెయ్యాపేశా. తలెత్తితే ఎదురుగా వీధి గుమ్మంలో వాళ్ళమ్మ, చేతిలో కషాయం గ్లాసు. నన్ను చూసింది. మూసిన తలుపు చూసింది. లోపల మళ్ళీ నవ్వు. అయిపోయాన్రా దేవుడా అనుకున్నా. ఆవిడ గ్లాసు నా పక్కన పెట్టి, వీధిలోకి తిరిగి, "మావాడు పని మీదున్నాడు, ఎవరూ పిలవమాకండర్రా!" అని గట్టిగా చెప్పింది. చెప్పి, వీధి తలుపు దగ్గరికేసి, నా పక్కన నేల మీద చతికిలబడింది. కళ్ళ నిండా నీళ్ళు. "ఆపకు నాయనా" అంది, "నేస్తూ ఉండు."

ఊఁ... పద, బస్సొస్తోంది.