అటకెక్కిన డప్పు

గుంటూరులో పిల్లల డాక్టరమ్మకు చూపించుకుని, మొగుడూ పెళ్ళాలు ప్రత్తిపాడు బస్సెక్కారు. నాలుగేళ్ళొచ్చినా మాటలు రాని రూతు తల్లి ఒళ్ళో కూర్చుంది. పిల్ల చెవులు బాగున్నాయని తెలిసినా తల్లికి ఊరట లేదు. మొగుడి మీద ఒళ్ళు మండిపోతోంది.

“డాక్టరమ్మ పాటలు పాడమంది, తాళం వేయించమంది. దరువు పట్టుబడితే మాట కూడా రావచ్చంది. విన్నావా?”

“విన్నా. పాడు, ఎవరొద్దన్నారు?”

“నేను పాడితే మొహం తిప్పుకుంటోంది. మీ నాన్న డప్పు కొడితేనేగా అది ఊగేది, ఏదో ఒక కూత కూసేది? ఆయన్ని పూడ్చొచ్చిన రోజే డప్పు అటకెక్కించావు. దించవయ్యా!”

“దించను. ఊళ్ళో శవం లేచినా, జాతరొచ్చినా ‘డప్పోణ్ణి పిలవండ్రా’ అనేవాళ్ళు. ఆ పిలుపు ఆయనతోనే పోవాలి. నా కూతుర్ని డప్పోడి కూతురు అననివ్వను.”

“ఇప్పుడేమంటున్నారు మరి? మూగదంటున్నారు!”

అతను కిటికీలోంచి మిరప కల్లాలకేసి చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అతని వేళ్ళు వాటంతటవే ముందు సీటు ఇనప కడ్డీ మీద దరువు వేయసాగాయి.

రూతు చప్పున తల తిప్పింది. తనూ అరచేత్తో కడ్డీని కొట్టి, “తా” అంది.

అతను నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు.

“ఆపావేం?”

“బస్సులో మనూరోళ్ళున్నారే.”

రూతు మళ్ళీ కొట్టింది. “తా” అని తండ్రి మొహంలోకే చూస్తోంది.

“నాకెందుకు చెప్తావు? అదిగో, అడుగుతోంది. దానికి చెప్పు.”