మారిట్ గారు రాయించిన పుస్తకం

కూర్చో అమ్మా, నిలబడే ఉన్నావేంటి. ఆ స్టూలు మీద కాదు, దాని కాలొకటి వదులు. బిగిద్దాం బిగిద్దామని ఏడాదైంది. వడ్రంగోడి ఇంట్లో సామాను ఎప్పుడూ ఇంతే. ఇలా మంచమ్మీద కూర్చో. రామ్మూర్తి మాస్టారి మనవరాలు నా ఇంట్లో నిలబడిందంటే ఆయన పైనుంచి బెత్తం చూపిస్తారు నాకు. ఏ దేశం అన్నావూ? ఏదోలే, నాకు నోరు తిరగదు. ఆరు నెలలా? జీతం లేకుండానే? అనాథాశ్రమంలో, కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేని పిల్లలకి కసరత్తులు చేయించి నడక నేర్పడానికి. బావుంది. మీ అమ్మ ఏడుస్తోందా? ఏడవనీ. ఇందాక మా అమ్మాయి అన్నపూర్ణ వీధిలోకి వెళ్తుంటే దాని నడక చూసి, "ఎవరు తాతా నేర్పింది, బాగా నేర్పేరు" అన్నావు చూడు, అప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకి చదువు ఒంటపట్టిందని. ఎడంకాలి ఎముక సంగతి కూడా కనిపెట్టే ఉంటావు. మొహమాటపడి అడగలేదు. చెప్తాను. నువ్వెళ్ళి చేస్తానంటున్న పనే, ఒకావిడ ఇక్కడికొచ్చి చేసేరు. నీకు ఆ దేశం ఎంత దూరమో, ఆవిడకి మన రాజోలు అంత దూరం.

మారిట్ గారని, నార్వే దేశం. అక్కడ చలికాలంలో పొద్దు పొడవదంట, నేను నమ్మలేదనుకో. డెబ్బైతొమ్మిదిలో, శివరాత్రి వెళ్ళేక, నరసాపురం వేపు నుంచి పడవ మీద మన సఖినేటిపల్లి రేవులో దిగేరు. ఎండకి మొహం కందిపోయి ఎర్రగా ఉంది. రెండు పెట్టెలు. బట్టలేమో అనుకున్నాం. తీరా చూస్తే పిండికట్టు వేసే గుడ్డచుట్టలూ, రబ్బరు బంతులూను. రాజోలు అవతల కాలవ గట్టు మీద పిల్లల హోము ఉండేది, అక్కడికొచ్చేరు. ఇప్పుడు లేదులే, ఎనభైఆరు వరదకి గోడలు కూలిపోయేయి. అక్కడ ఆదిలక్ష్మి అని ఆయా ఉండేది. ఆవిడ దగ్గరే మన మాట నేర్చుకున్నారు. ఆదిలక్ష్మి అండి లేకుండా మాటాడదాయె, అందుకని ఈవిడకి అందరూ అండీలే. గుమ్మంలో కుక్క పడుకునుంటే "కొంచెం జరగండీ" అనేవారు. మనం ఏం చెప్పినా "ఆయ్" అనేవారు. ఒప్పేసుకున్నారు గామాలనుకునేవాళ్ళం. తర్వాత తెలిసింది, ఆయ్ అనేసి తన పని తను చేసుకుపోతారని. నాకంటే మొండి మనిషిని ఎవర్నైనా చూసేనంటే ఆవిడే.

నేనక్కడ ఎందుకున్నానా? అదే చెప్తున్నా కదా. నేను పడవల వడ్రంగిని. రేవులో కొట్టు. పడవ పొట్ట గుండ్రంగా ఉంటుంది కదా, చెక్క తిన్నగా ఉంటుంది కదా, దాన్ని వంచాలి. కింద మంట, పైన తడిగుడ్డలు, చివర్న తాడేసి రోజుకి రెండు మెలికలు. అంతే, అంతకి మించి తిప్పకూడదు. తొందరపెడితే చీలిపోద్ది. నెలపట్టినా సరే. అందులో నాకు పేరుండేది. అల్లవరం నుంచి కూడా వచ్చేవారు, జగ్గయ్య వంచిన చెక్కే కావాలని. మా అన్నపూర్ణకి రెండో ఏట జొరం వచ్చి కాళ్ళు పడిపోయేయి. మూడో ఏట వాళ్ళమ్మ వీరాయమ్మ పోయింది. పిల్ల ఎప్పుడూ మోకాళ్ళు మడిచి పడుకునేదేమో, అలాగే బిగుసుకుపోయేయి. ఒకరోజు దాన్ని చూస్తూ, పనిమంతుణ్ణి కదా, పొగరు కదా, ఈ కాళ్ళు మాత్రం వంపు తీయలేనా అనుకున్నాను. నవ్వుతావేంటి? నవ్వట్లేదా. సరే. తవుడు వేడిచేసి కాపడం పెట్టి, రెండు చెక్కల మధ్య కాలు పెట్టి తాడు బిగించేను. మొదటిరోజు రెండు మెలికలు. రెండోరోజు రెండు. అవతల ఒక పడవ ముహూర్తానికి నీళ్ళలోకి దింపాలి, వాళ్ళు కబురు మీద కబురు. మూడోరోజు ఒకేసారి తిప్పేసేను. ఆ చప్పుడు నాకు తెలుసమ్మా. చెక్క చీలేముందు వచ్చే చప్పుడే. పడవకి నెల ఇచ్చేవోణ్ణి, నా కూతురికి మూడు రోజులిచ్చేను.

కట్టు కట్టించేను, అతుక్కుంది, వంకరగా. ఆ తర్వాత దాని మొహం చూళ్ళేకపోయేవోణ్ణి. నాలుగేళ్ళ పిల్లని ఎత్తుకెళ్ళి ఆ హోములో పెట్టేసేను. సూపరింటెండెంటు బుచ్చిరాజు గారు, "తండ్రుంటే చేర్చుకోం జగ్గయ్యా, ఇది అనాథలకి" అన్నారు. నేను మేనమామనండి, మా అప్పచెల్లెలి పిల్ల, ఎవరూ లేరండి అన్నాను. గుమ్మం దాటేముందే పిల్లకి చెప్పేను, ఇక్కడ నన్ను మావయ్యా అనాలమ్మా అని. నాలుగేళ్ళది, తలూపింది. ఆరోజు నుంచి ఒక్కసారి కూడా తప్పు పలకలేదు. నేను తట్టుకోలేక, హోములో మంచాలు బాగుచేస్తానని వంక పెట్టుకుని వారానికి మూడుసార్లు వెళ్ళేవోణ్ణి.

అదిగో, అలాంటప్పుడొచ్చేరు మారిట్ గారు. వచ్చిన నాలుగోరోజు నన్ను పిలిచి, నేలమీద బొగ్గుతో రెండు గీతలు గీసి, "రెండు కర్రలండి, మధ్యలో పిల్లలండి, పట్టుకుని నడుస్తారండి" అన్నారు. బుచ్చిరాజు గారు నవ్వి, "కాళ్ళు లేనివాళ్ళకి బాటెందుకండీ, మంచాలు చేయించండి" అన్నారు. "ఆయ్" అన్నారీవిడ. మర్నాడు మళ్ళీ ఆ గీతల దగ్గరే నిలబడ్డారు. చేతికి పేడు గుచ్చుకోకూడదని నేను రెండు తెడ్డుకర్రలు తెచ్చి చిత్రిక పడుతున్నాను. పక్కనే ఆవిడ ఒక్కొక్క పిల్లనీ చాప మీద పడుకోబెట్టి చూస్తున్నారు. మా అన్నపూర్ణ వంతొచ్చింది. వేళ్ళతో కాలు తడుముతూ వచ్చి, ఎముక వంకరగా అతుక్కున్న ఆ గడ్డ దగ్గర ఆగేరు. "ఇది విరిగిందండి. ఎవరు విరిచేరండీ?" అని అడిగేరు. అరవలేదు, మామూలుగానే. ఆదిలక్ష్మి మాకు తెలీదండి అంది. అప్పుడు ఆ పిల్ల, ఆరేళ్ళది, నా వేపు ఓసారి చూసి, "పడ్డానండి" అంది.

ఏం లేదు. కొంచెం ఆ మంచినీళ్ళు ఇటియ్యి.

మరే, ఎంతవరకొచ్చేం? ఆవిడ పని చూడాలమ్మా నువ్వు. బాలింతల ఇళ్ళల్లో ముసలమ్మలు పీట మీద కూర్చుని, కాళ్ళు బారజాపి, పసిపిల్లల్ని ఆ కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోస్తారు చూడు, అది ఎక్కడో చూసేరు. ఆరోజు నుంచి తనూ అలాగే నేలమీద కాళ్ళు చాపుకుని, పదేసేళ్ళ పిల్లల్ని వేసుకుని, వేన్నీళ్ళ గుడ్డలు చుట్టి, మెల్లిగా, అంగుళంలో పదోవంతు చొప్పున కాళ్ళు సాగదీసేవారు. అదే పని! నేను చెక్కకి చేసేదే. ఒకరోజు అన్నపూర్ణ గట్టిగా ఏడ్చింది. నేను బాడిస పడేసి, "ఆపండి!" అని అరిచేను. ఆవిడ ఆపేరు. ఆపి, పిల్ల కాలు వదలకుండానే, "మీరు ఈ పిల్లకి ఏమవుతారండీ?" అన్నారు. మావయ్యనండి అన్నాను. "ఆయ్" అన్నారు.

రెండేళ్ళకి పైగా ఉన్నారు. అన్నపూర్ణ కాలికి ఇనప చట్రం తగిలించి ఆ కర్రల మధ్య నిలబెట్టేరు. మొదట ఒక అడుగు, తర్వాత ఆ చివర దాకా. నేను ఆ చివర కూర్చుని దానికి అక్షరాలు దిద్దించేవోణ్ణి. నాకు వచ్చినవే, మీ తాతగారు రాత్రిబడిలో నేర్పినవి. నాకు జ వంపు తిరిగేది కాదు. మీ తాతగారు నెల్లాళ్ళు దిద్దించినా నేను మొండికేసి అలాగే రాసేవోణ్ణి. చివరికి ఆయనే విసిగి, "ఒరేయ్, నీ పేరు నీ ఇష్టం" అనేసేరు.

ఎనభై ఒకటిలో ఆవిడ వెళ్ళిపోవాల్సొచ్చింది. వెళ్ళేముందు పదకొండుమంది పిల్లలకి పదకొండు నోటుబుక్కులు. ఎవరికి పొద్దున ఏం చెయ్యాలి, సాయంత్రం ఏం చెయ్యాలి, బొమ్మలు ఆవిడ వేసేరు, మాటలు ఆవిడ చెప్తే నేను రాసేను. పైన పేరు, తండ్రి పేరు. అందరికీ తెలియదు, తెలియదు అని రాసుకుంటూ వచ్చేను. అన్నపూర్ణ పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఆవిడ చెప్పడం మానేసేరు. పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. కాలవలో ఒక పడవ వచ్చి వెళ్ళిపోయింది. నేను జీవితంలో మొట్టమొదట రాయడం నేర్చుకున్న మాట నా పేరమ్మా. అదే రాయాలి. "తెలియదు" అని రాసేను. ఆవిడ కాయితం తిప్పి మిగతాది చెప్పేరు.

మర్నాడు పెట్టెలు మోసుకుని రేవుకి నేనే వెళ్ళేను. పడవ ఎక్కబోతుంటే నోరు పెగిలింది. ఆ ఎముక విరిచింది నేనేనండి అన్నాను. "తెలుసండి. పిల్ల పడ్డాననగానే మీ చిత్రిక చప్పుడు ఆగిపోయిందండి" అన్నారు. రెండేళ్ళు తెలిసుండీ ఒక్కమాట అడగలేదు! నేను తలొంచుకుంటే, "నేను వెళ్ళిపోయేదాన్నండి. ఆ పుస్తకంలోది రోజూ చెయ్యాలండి. రోజూ ఉండేవాళ్ళు చెయ్యాలండి" అన్నారు. పడవ తోసేసేరు. అందుకే చెప్తున్నాను, నువ్వెళ్ళిన చోట ముందు ఒక వడ్రంగోణ్ణి వెతుక్కో. ఆరు నెలలకి నువ్వొచ్చేస్తావు.

అటునుంచటే హోముకెళ్ళి బుచ్చిరాజు గారికి చెప్పేను, మావయ్యని కాదండి, తండ్రినండి, పిల్లని తీసుకుపోతానండి అని. "నాలుగేళ్ళు అబద్ధమాడేవురా జగ్గయ్యా?" అన్నారు. "ఆయ్" అన్నాను. ఆ సాయంత్రం ఇంట్లో నీళ్ళు కాచి, కాళ్ళు చాపుకుని, దాన్ని వేసుకుని చెప్పేను, అమ్మా, నీ కాలు విరిచింది నేనే అని. ఎనిమిదేళ్ళది. "తెలుసు మావయ్యా. గుడ్డ చల్లారిపోతోంది, తొందరగా చుట్టు" అంది.

ఆవిడా? పోయేరు. ఎనభైఏడులో ఉత్తరం వచ్చింది, వాళ్ళ చెల్లెలు రాసింది, మీ తాతగారే చదివి చెప్పేరు. ఆఫ్రికాలో ఎక్కడో ఇలాంటి హోములోనే, జొరం వచ్చి. ఆ దూలం మీద సంచీ ఉంది, దించు. అదే పుస్తకం. మెల్లిగా, అంచులు పొడైపోతున్నాయి. తండ్రి పేరు దగ్గర చూడు. కొట్టేసిన మాట నా రాత. దాని పక్కన జగ్గయ్య అని ఉంది చూసేవా? అది నేను రాసింది కాదు. జ చూడు, నాలాగే వంకర, నేను నేర్పిందే కదా. ఎప్పుడు రాసిందో తెలీదు. వరదప్పుడు పుస్తకం తడవకుండా పైన పెడుతుంటే కనబడింది. నేను అడగలేదు, అది చెప్పలేదు.

నోటితో నాన్నా అందా అనా? లేదమ్మా. ఇప్పటికీ మావయ్యే. వీధిలోవాళ్ళు నవ్వుతారు, సొంత తండ్రిని మావయ్య అంటుందేంటని. పిలవమని నేనెలా అడుగుతాను? తొందరపెట్టి ఒకసారి చూసేను కదా.

ఇనప చప్పుడు వినబడిందా? అదే. కుట్టుమిషను కొట్టు కట్టేసి అన్నానికొస్తోంది. ఆ సంచీ పైన పెట్టెయ్, ఎక్కడున్నది అక్కడే. ఆ స్టూలు ఇటు లాగు, కాలు బిగించేస్తాను.